ఎదురుకాళ్ళ డాక్టరమ్మ

మా పెద్దాసుపత్రికి లిఫ్టులూ, స్కానింగు యంత్రాలూ, ఏ వార్డు ఎటు పోవాలో బాణం గుర్తులేసి చూపించే బోర్డులూ ఇంకా రాని రోజుల్లో, ఎవరెక్కడున్నారో తెలుసుకోవడానికి ఒకటే మార్గం ఉండేది. కేకెయ్యడం. పెంకుల వార్డు వరండాలో ఒక చివర నిలబడి "సిస్టరమ్మా!" అని అరిస్తే అవతలి చివర నుంచి ఇద్దరు సిస్టరమ్మలూ, వాళ్ళతోపాటు ఏమైందోనని నలుగురు రోగుల బంధువులూ పరుగెత్తుకొచ్చేవారు. జిల్లా ఆసుపత్రిగా బతుకుతున్నది కాస్తా, పక్కనే మెడికల్ కాలేజీ రావడంతో ఉన్నట్టుండి బోధనాసుపత్రి అయిపోయింది. ఎదిగే పిల్లకు పోయినేడు కుట్టించిన గౌనులాగా ఎక్కడికక్కడ బిగుతైపోయింది. ఆ కాలేజీ మొదటి బ్యాచ్‌లో చదివి, ఆ ఆసుపత్రిలోనే హౌస్ సర్జన్‌గా చేరిన నేను, ఇప్పుడు అక్కడే ప్రసూతి విభాగంలో ప్రొఫెసర్ని. రౌండ్సుకు బయల్దేరితే జూనియర్లు గోడకు అతుక్కుపోయి దారి ఇస్తారు. నాకు మాత్రం లోపల నవ్వొస్తుంది. ఇదే ఆవరణలో ఇదే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, సగం ఆసుపత్రి వెనక నడుస్తుండగా, ముళ్ళకంపల మధ్య నీళ్ళు వెతికిందని తెలిస్తే ఈ పిల్లలు ఇంత మర్యాద ఇస్తారా అని.

అది చెప్పాలంటే ముందు నా పుట్టుక గురించి చెప్పాలి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట పాదాలు ముందు పెట్టి లోకంలోకి వచ్చాను. మా వైపు అలా పుట్టినవాళ్ళకు రెండు శక్తులుంటాయని నమ్మకం. నడుం పట్టేసినవాళ్ళను వాళ్ళు కాలితో మెల్లగా తంతే పట్టు వదిలిపోతుంది. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడిస్తే, నేలకింద నీళ్ళున్నచోట ఆ కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. (ఈ రెండోదానికి ఓ పాజిటివ్ రక్తమైనా సరిపోతుందని ఈమధ్య కొత్తగా చేర్చారు. మూఢనమ్మకాలు కూడా కాలేజీకి వెళ్ళొస్తున్నట్టున్నాయి.) మాది ధర్మవరంలో మగ్గాలిల్లు. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళుపెట్టుకుని వంగి కూర్చునే వీధిలో నడుం పట్టని మనిషి ఎక్కడ దొరుకుతాడు? తెల్లవారితే చాలు, మా గడప ముందు ఎవరో ఒకరు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉండేవారు. "పాపను లేపమ్మా, బిర్నా ఒక తన్ను తన్నిచ్చుకోని పోతా, చీర మగ్గం మీద అర్ధంలో ఉండాది" అని బతిమాలేవారు. నేను కళ్ళు నులుముకుంటూ వచ్చి, బోర్లా పడుకున్న పెద్దమనుషుల నడుములు తన్ని, మళ్ళీ పోయి పడుకునేదాన్ని. ఇందుకు దుడ్లు తీసుకుంటే శక్తి పోతుందని మా జేజి, అంటే మా నాయనమ్మ, ఎవరినీ ఇవ్వనిచ్చేది కాదు. బెల్లం గడ్డ తీసుకుంటే మాత్రం పోదట. నా చిన్నతనంలో నా పళ్ళు పుచ్చిపోవడానికి మా వీధి నడుములే కారణం.

మెడికల్ కాలేజీలో సీటొచ్చాక ఈ చరిత్రనంతా మూటగట్టి అటకెక్కించాను. మూఢనమ్మకాల మీద వక్తృత్వపోటీ పెడితే మొదటి బహుమతి నాదే. రాప్తాడు దగ్గర ఒక పల్లెలో క్యాంపు పెట్టినప్పుడు రచ్చబండ మీద నిలబడి, తాయెత్తుల గురించీ దిష్టి గురించీ అరగంట దంచాను. (చివర్లో ఒక ముసలమ్మ లేచి, "బాగా చెప్పినావు తల్లీ, నీకు దిష్టి తగుల్తాది, ఇట్ల రా" అని ఉప్పు తిప్పేసింది.) హాస్టల్లో నా గదిలో ఉన్న పిల్లకు కూడా నేను ఎటునుంచి పుట్టానో తెలియదు. తెలిసిన మనిషి ఆ ఆసుపత్రి మొత్తంలో ఒక్కరే. ఆవిడే నన్ను ఆ రెండు పాదాలూ పట్టుకుని బయటికి తీశారు.

ఆవిడ మా ప్రసూతి విభాగానికి పెద్ద. అందరం పెద్దమేడమ్ అనేవాళ్ళం. మనిషి నా భుజం దాకా వస్తారేమో, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. పుట్టింది పామిడిలో. "పెన్న ఒడ్డున పుట్టినదాన్ని, నా బతుకంతా నీళ్ళకోసమే అరుచుకోవాల్సొచ్చె" అని తనే నవ్వేవారు. పాత కాన్పుల గదిలో కొళాయి ఉండేది గానీ అది గోడకు అలంకారం. పొద్దున ఒకసారి బుస్సుమని గాలి వదిలి ఊరుకునేది. మేడమ్ మోచేతుల దాకా సబ్బు రాసుకుని రెండు చేతులూ ముందుకు చాపితే, ఆయమ్మ డ్రమ్ములో నీళ్ళు మగ్గుతో ముంచి సన్నధారగా పోసేది. ఆవిడ సర్వీసంతా ఆ మగ్గు నీళ్ళతోనే గడిచింది. ఆ మగ్గు నీళ్ళతోనే ఎంతమంది తల్లులను బతికించారో ఆ దేవుడికే తెలియాలి. నన్నూ మా అమ్మనూ కలిపి.

ఆవిడ ఏళ్ళతరబడి కాళ్ళరిగేలా తిరిగి, రాజధానికి రాసి, వచ్చిన ప్రతి పెద్దమనిషినీ చేయి పట్టుకుని లాక్కెళ్ళి వార్డు చూపించి, చివరికి కొత్త ప్రసూతి బ్లాకు సాధించారు. మూడంతస్తులు. లేత ఆకుపచ్చ రంగు వేశారు, మంచాలు వచ్చాయి, కాన్పు బల్లలు వచ్చాయి, చేత్తో ముట్టుకోకుండా మోచేత్తో తోస్తే తిరిగే కొళాయిలు కూడా బిగించారు. ఆ కొళాయిల్లోకి రావలసిన నీళ్ళు మాత్రం రాలేదు. వేసిన బోరు వేసినట్టే తెల్లటి దుమ్ము కక్కి ఊరుకుంది. ట్యాంకర్లు తెచ్చేది పాత వార్డులకే చాలదు. నీళ్ళు లేకుండా కాన్పుల గది తెరవడానికి వీల్లేదు. ఇవతల పాత వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరేసి బాలింతలు, ఒకరి తలవైపు ఇంకొకరి కాళ్ళు పెట్టుకుని, మధ్యలో పిల్లల్ని ఇరికించుకుని పడుకునేవారు. అవతల మంచాలన్నీ ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా తాళం వెనక ఉండేవి. ఊరికే ఉన్న బిల్డింగు కదా, ఏదో ఆఫీసుకు ఇచ్చేస్తారట అని గుసగుసలు మొదలయ్యాయి. పెద్దమేడమ్‌కు ఆ నెలాఖరుకు రిటైర్మెంటు. ఒకరోజు ఆ అద్దాల తలుపు ముందు నిలబడి, లోపలికి చూస్తూ, "ఒక్క కాన్పే. ఆ గదిలో నా చేత్తో ఒక్క కాన్పు చేసి ఇంటికి పోతే చాలు" అన్నారు. ఎప్పుడూ గేటు దాకా వినిపించే గొంతు ఆరోజు పక్కనున్న నాకే సరిగా వినిపించలేదు. నాకు ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎముకల వార్డులో నీళ్ళతాత చేరాడు. కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో బోరు వేయాలంటే అందరూ పిలిచేది ఆయన్నే. అరచేతిలో కొబ్బరికాయ వంకే చూసుకుంటూ నడిచి, ఎదురుగా ఉన్న ఎండిన బావిలో పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ("ఆ బాయిలో నీళ్ళు లేకపాయె కాబట్టి బతికినా" అని ఆయనే అందరికీ సంతోషంగా చెప్పుకునేవాడు.) కాలికి ఇసుక సంచి వేలాడదీసి, మొదటి అంతస్తులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఆ కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి వెనక ఖాళీ జాగా అంతా కనిపిస్తుంది. ఈ సంగతి ఆయమ్మ మేడమ్ చెవిన వేసింది. మేడమ్ రౌండ్సు మధ్యలో ఆపి, ఆవిడ దగ్గరే హౌస్ సర్జన్‌గా ఉన్న నన్ను తోకలా వెంటబెట్టుకుని ఎముకల వార్డుకు నడిచారు.

"నేను లెయ్యలేను తల్లీ, సూస్తాండావు గదా నా గతి" అన్నాడు నీళ్ళతాత. "ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు ఎవురన్నా ఉంటే పిల్సకరాండి. వాళ్ళు నడిస్తే చాలు, ఈ కిటికీలోంచి ఎట్ల పోవల్లో నేను చెప్తా."

పెద్దమేడమ్ మెల్లగా వెనక్కి తిరిగి నా ముఖం చూశారు. తరవాత నా కాళ్ళు చూశారు.

"మేడమ్, అది మూఢనమ్మకం" అన్నాను.

"అవును" అన్నారు.

"మరి?"

"నెలాఖరుకు నేను పోతాండా. మూఢనమ్మకం కాకుండా నీ దగ్గర వేరే ఏముండాదో చెప్పు, అదే చేద్దాం."

నా దగ్గర ఏమీ లేదు. వక్తృత్వపోటీలో గెలిచిన స్టీలు గ్లాసు తప్ప. మేడమ్ అప్పటికే నీళ్ళతాతతో, "ఇది కాళ్ళతోనే వచ్చింది. నేనే బయటికి తీసినా. ఆ పొద్దు ఎంత సతాయించిందో నాకు తెలుసు" అని నా జన్మరహస్యం వార్డు వార్డంతా వినేట్టు చెప్పేశారు. చెప్పడమే ఆలస్యం, సాయంత్రానికి కాలేజీ అంతా పాకింది. మేడమ్ నన్ను కూర్చోబెట్టి నడుములు తన్నిన కథంతా అడిగి తెలుసుకుని, బెల్లం దగ్గరికి వచ్చేసరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మా హాస్టల్ గేటు ముందు మా క్లాసు మగపిల్లలు ఇద్దరు నడుం పట్టేసిందని చెప్పి క్యూ కట్టారు. వాళ్ళలో ఒకణ్ణి నిజంగానే తన్నాను. శక్తితో సంబంధం లేని తన్ను అది.

ఇక సూపరింటెండెంటు గారిని ఒప్పించాలి. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. ప్రతిదానికీ నిబంధన చూపిస్తారని మేం రూల్సుసార్ అనుకునేవాళ్ళం. అంతకుముందు శాస్త్రీయంగా చేద్దామని ఆయనే భూగర్భజలాల ఆఫీసరును పిలిపించారు. ఆయన తీగలూ పెట్టెలూ తెచ్చి, రెండుచోట్ల ఇనప మేకులు పాతి వెళ్ళాడు. మొదటి మేకు దగ్గర వేసిన బోరు అందరి కళ్ళలో దుమ్ము కొట్టింది. ఆ దెబ్బతో రెండో మేకు సంగతి అందరూ మర్చిపోయారు. దాని మీద కంప కూడా పెరిగిపోయింది.

"ఇది బోధనాసుపత్రి అండీ! డాక్టరు కొబ్బరికాయ పట్టుకుని తిరగడమేంటి, రేపు పేపర్లో వస్తే నేనేం చెప్పుకోను?" అన్నారు రూల్సుసార్.

"పోయిన ఆయుధపూజకు ఆపరేషన్ థియేటర్లో ఆటోక్లేవు యంత్రానికి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టింది ఎవరు సార్?" అన్నారు పెద్దమేడమ్. "కొడితే లేని తప్పు, పట్టుకోని నడిస్తే వస్తుందా?"

రూల్సుసార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను చూడలేదు, నాకు తెలియదు. అంతే" అన్నారు. మర్నాడు పొద్దున అందరికంటే ముందు ఆ జాగాకు వచ్చి, ఏమీ చూడనట్టు చెట్టుకింద నిలబడింది కూడా ఆయనే.

పీచు తీసిన కొబ్బరికాయను అడ్డంగా నా అరచేతిలో పెట్టారు, పిలక వేళ్ళవైపు ఉండేలా. నా మీద తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. (స్టెతస్కోపు తీసేస్తానంటే ఆయమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీమ్మా, కాయకు గూడా మర్యాద" అంది.) వెనక సిస్టరమ్మలు, ఆయాలు, నా క్లాసువాళ్ళు, సెలైన్ సీసా చేత్తో ఎత్తిపట్టుకున్న ఒక రోగి. బోరు బండివాళ్ళు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. పైన ఎముకల వార్డు కిటికీలన్నిటికీ కట్లు కట్టిన చేతులూ తలలూ వేలాడుతున్నాయి. నీళ్ళతాత గొంతు అందులోంచి వచ్చింది. "ఎడమపక్క పోమ్మా! అంత బిర్న కాదు, నీళ్ళు భయపడతాయి!" పక్క కిటికీలోంచి ఇంకో రోగి, "యాడికి పోతాండావక్కా, ఆడ రాయి ఉండాది, కుడిపక్కకు!" అని అరిచాడు. "గమ్మునుండప్పా, నీళ్ళు సూసేది నేనా నువ్వా?" అని తాత. ఇలా రెండు కిటికీల మధ్య తగువులో నేను ఎటు తిరగాలో తెలియక గానుగెద్దులా అక్కడక్కడే తిరిగాను.

మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాను. తరవాత ఒకసారి తల తిప్పి చూస్తే, గొడుగు పట్టుకుని నా వెనకే నడుస్తున్న పెద్దమేడమ్ కనిపించారు. ఆవిడ కొబ్బరికాయను చూడటం లేదు. ఎండలో కళ్ళు చికిలించుకుని ఆ ఆకుపచ్చ బ్లాకు వంక చూస్తున్నారు. అప్పటినుంచి నాకు సిగ్గు పోయింది. లే తల్లీ, లే, ఒక్కసారి లే అని ఆ కాయను లోపల్లోపల బతిమాలడం మొదలుపెట్టాను. నేను చదివిన ఫిజిక్సంతా ఆ ఒక్క పూటకు సెలవు పెడితే బాగుండుననిపించింది. చెయ్యి తిమ్మిరెక్కింది. ఎండ నడినెత్తికి వచ్చింది. కాయ మాత్రం భోంచేసి పడుకున్న మామగారిలా కదల్లేదు. "ఆ అమ్మాయి నిజంగా కాళ్ళతోనే పుట్టిందా?" అని ఎవరో అనుమానం కూడా పడ్డారు.

అప్పుడు కంపల అంచున ఏదో కాలికి తగిలింది. లోకంలోకి ముందు వచ్చిన ఆ కాళ్ళు రెండూ ఒక్కసారి గాల్లోకి లేచాయి. నేను బోర్లా పడ్డాను. కొబ్బరికాయ ఎగిరిపోయి ఒక రాతిమీద పడి రెండు చెక్కలైంది. లోపలి నీళ్ళన్నీ మట్టిలోకి ఇంకిపోయాయి. నా మోకాళ్ళు చీరుకుపోయాయి, మేడమ్ ఆశ పాడుచేశానన్న బాధకు అవి మండుతున్నట్టు కూడా తెలియలేదు. అంతలో బోరు బండి మేస్త్రీ లేచి, లుంగీ దులుపుకుని, "కాయ పగిలిపాయె గదన్నా! మేము బోరెయ్యాలంటే ముందు కాయ కొట్టేది, కాయ కొట్టినాక జాగా మార్చేది లేదు. ఈడనే!" అన్నాడు. "ఈడనే! నేనూ అదే చెప్తాండా!" అని తాత కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు.

"ఆగండాగండి" అంటూ రూల్సుసార్ చెట్టుకింద నుంచి వచ్చేశారు. నేను దేనికి తగిలి పడ్డానో చూద్దామని గొడుగు మొనతో కంప పక్కకు నెట్టారు. తుప్పుపట్టిన ఇనప మేకు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇది మన జియాలజిస్టు పెట్టిన రెండో పాయింటండీ! పూర్తిగా శాస్త్రీయమైన పాయింటు! వెయ్యండి, ఇక్కడే వెయ్యండి!" అన్నారు. అలా కొబ్బరికాయను నమ్మేవాళ్ళూ, మేకును నమ్మేవాళ్ళూ మొదటిసారి ఒకే చోట నిలబడ్డారు. నేను లేవడానికి చెయ్యిచ్చింది మాత్రం మేడమ్ ఒక్కరే.

మధ్యాహ్నమంతా బండి దడదడమంటూ దుమ్ము కక్కుతూనే ఉంది. మేడమ్ ఓపీ చూసి వచ్చి నిలబడేవారు, వార్డుకు పోయి మళ్ళీ వచ్చి నిలబడేవారు. సాయంత్రం ఎండ వాలుతుండగా దుమ్ము రంగు మారింది. కాసేపటికి తడి బురద, ఆ తరవాత నీళ్ళు ఎగజిమ్మాయి. "రెండించుల నీళ్ళు పడినాయి!" అని మేస్త్రీ అరిచాడు. ఎముకల వార్డులో ఉన్నవాళ్ళంతా ఒంటిచేత్తో చప్పట్లు కొట్టలేక మంచాలు బాదారు. రూల్సుసార్ ఆ బురదలోనే నీళ్ళతాత వైపు చెయ్యి ఊపారు. పెద్దమేడమ్ గాజులు పైకి తోసుకుని, ఆ ఎర్రనీళ్ళలో రెండు చేతులూ పెట్టి, కాన్పుకు ముందు కడుక్కున్నట్టు వేళ్ళ సందుల నుంచి మోచేతుల దాకా కడుక్కుంటూ ఉండిపోయారు. ఏ మగ్గూ అడ్డంలేని ఆ నీళ్ళలోంచి చేతులు తియ్యడానికి ఆవిడకు మనసొప్పలేదు.

ఆవిడ రిటైరయ్యేలోపే బ్లాకు తెరిచారు. మొదటి కాన్పు కంబదూరు నుంచి వచ్చిన ఒక రైతుకూలీ ఆమెది. మేడమ్ కొత్త గదిలో సబ్బు రాసుకుని, అలవాటు చొప్పున రెండు చేతులూ ముందుకు చాపి ఆయమ్మ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఆయమ్మ కూడా అలవాటు చొప్పున మగ్గు కోసం వెతుక్కుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాక, మేడమ్ మోచేత్తో కొళాయి తోశారు. ఆడపిల్ల పుట్టింది. "ఇది బుద్ధిగా తలతో వచ్చింది, నీ మాదిరి కాదు" అని ఆ పిల్లను నా చేతుల్లో పెట్టారు.

ఇప్పుడు ఆ ఆసుపత్రిని చూస్తే కడుపు నిండిపోతుంది. గుండెకూ, కిడ్నీకీ వేరేవేరే విభాగాలు, పెద్ద లైబ్రరీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదువుకునే పిల్లలు. దూరపు రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళొస్తాయి. మా బోరు తోటకు నీళ్ళు పోస్తూ బతికే ఉంది. పోయిన వారం పెద్దమేడమ్ వచ్చారు. నడుం పట్టేసి, చక్రాల కుర్చీలో. మా పిల్లలు ఆవిడను దేవతలా చూసుకున్నారు. ఎంఆర్ఐ తీశారు, ఎముకల ప్రొఫెసరు వచ్చి చూశాడు, వయసు అరుగుదలని చెప్పి మందులూ, ఫిజియోథెరపీ రాశాడు. అన్నీ బుద్ధిగా విన్నారు. అందరూ వెళ్ళి నా గదిలో మేమిద్దరమే మిగిలాక, "తలుపేసి రా" అన్నారు.

వేశాను.

"ఒక తన్ను తన్ను."

"మేడమ్! మీ ఒంటికి నా కాలు తగిలితే నాకు పాపం కాదా?"

"ఆ కాళ్ళు అందరికన్నా ముందు పట్టుకునింది ఎవరే? నాకు లేని పట్టింపు నీకెందుకు? రా రా, పిల్లలొస్తారు."

చెప్పులు విప్పాను. నా గదిలో ఉన్న బాత్‌రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి, మడమల నుంచి వేళ్ళ దాకా కాళ్ళు కడుక్కున్నాను. పరీక్షబల్ల అంచు పట్టుకుని నిలబడ్డ ఆవిడ నడుం మీద, ఊపిరి బిగబట్టి, పాదం ఆనించాను.

"తన్నమంటే తాకుతావేందే?"

ఈసారి తన్నాను. మెల్లగా, ధర్మవరంలో తన్నినట్టే. ఆవిడ "అమ్మయ్య" అని నిటారుగా నిలబడ్డారు. నిజంగా పట్టు వదిలిందో, నా కోసమే అలా నిలబడ్డారో నాకు తెలియదు. నేను వంగి ఆవిడ పాదాలు ముట్టుకుని కళ్ళకద్దుకుని లేచేసరికి, సంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసి నా అరచేతిలో పెట్టారు.

"దుడ్లు తీసుకుంటే శక్తి పోతుందంట కదా" అన్నారు.

పొట్లంలో బెల్లం గడ్డ ఉంది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే కట్టుకుని వచ్చారన్నమాట. చక్రాల కుర్చీ వద్దని, వరండాలో గోడకు అతుక్కున్న మా పిల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. "మీ మందులు బాగా పనిచేసినాయప్పా" అని గేటు దాకా వినిపించే గొంతుతో చెబుతూ. నేను తలుపు మళ్ళీ వేసుకుని, ఎంఆర్ఐ ఫిల్ముల పక్కన కూర్చుని, పుచ్చుపన్ను వైపు కాకుండా రెండో దవడకు పెట్టుకుని ఆ బెల్లమంతా తినేశాను.